చల్లని రేడియేటర్

ఉదయం ఆరు గంటలకు ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తానని గవర్రాజు అన్నాడు. ఎనిమిది గంటలకు పోలీస్ స్టేషన్‌కు బయల్దేరతానని తాతబాబు అన్నాడు. పోయిన వారం ఈ రెండు మాటల దగ్గర ఆగాం.

మధ్యలో చేరినవారికి జరిగింది ఇది. జనవరి తొమ్మిదిన తెల్లవారి ఐదూ పదికి యారాడ నుంచి ఊరి సంఘం వ్యాన్ బయల్దేరింది. లోపల తాతబాబు, అతని భార్య కుసుమకుమారి ఉన్నారు. ఆమెకు నొప్పులు మొదలై నాలుగు గంటలైంది. ఊళ్ళో ఆంబులెన్స్ లేదు. ఆపదకు వాడేది ఇరవై ఆరేళ్ళ నాటి ఆ డీజిల్ వ్యానే. దాని డ్రైవర్ జాన్‌బాబు. ఊరికీ పట్నానికీ మధ్య కొండ ఉంది, కొండ మీదుగా ఒకటే రోడ్డు. రెండో మలుపులో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది. నాలుగో మలుపులో ఆవిరి లేచి బండి ఆగింది. యాభై నిమిషాల తర్వాత ఒక పాల ఆటో వచ్చింది. ఏడు దాటాక ఆసుపత్రికి చేరారు. పుట్టింది ఆడపిల్ల. అప్పటికే ప్రాణం లేదు.

నీళ్ళు పోయకుండా బండి తీశాడని తాతబాబు అన్నాడు. తాతబాబు ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజిన్ల మెకానిక్. ఇంజిన్ విషయంలో అతను చెప్పింది ఊరు నమ్ముతుంది. నీళ్ళు పోశానని జాన్‌బాబు అన్నాడు. అతని భార్య జయమణి తప్ప ఎవరూ నమ్మలేదు. చలికాలంలో, తెల్లవారుజామున, నీళ్ళుంటే ఇంజిన్ ఎందుకు మరుగుతుందని అడిగారు. 

సంఘం అధ్యక్షుడు మోహనకృష్ణ ఫిర్యాదు కాగితం రాయించాడు. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమయ్యాడని అందులో ఉంది. దాని మీద తాతబాబు సంతకం ఒక్కటే మిగిలింది. కేసు పడితే జాన్‌బాబు లైసెన్సు పోతుంది. జైలుకూ వెళ్ళవచ్చు. అందుకే జయమణి ఉక్కునగరం వెళ్ళి గవర్రాజును తీసుకొచ్చింది. గవర్రాజు స్టీల్ ప్లాంటులో ముప్పై మూడేళ్ళు మెయింటెనెన్స్ ఫిట్టర్. జాన్‌బాబు అక్కడ షిఫ్టు బస్సు నడిపిన రోజుల్లో అదే బస్సులో డ్యూటీకి వెళ్ళేవాడు.

ఇప్పుడు పంతొమ్మిదో తేదీ, ఉదయం ఆరు కావడానికి పది నిమిషాలుంది.

సంఘం షెడ్డు ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. తలలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. సముద్రం మీంచి గాలి కొడుతోంది. మోహనకృష్ణ మంకీ క్యాప్ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ ఒక్కటే ఉంది.

గవర్రాజు బానెట్ ఎత్తాడు.

"ఈయనెవులు?" అన్నాడు తాతబాబు, వినపడేట్టు. "ఉక్కు ఫేక్టరీలో రిటైరైపోయినోడికి మన బండి గురించి ఏటి తెల్సు?"

"బండి గురించి నాకు పెద్దగా తెలీదండి," అన్నాడు గవర్రాజు తల తిప్పకుండా. "నీళ్ళు ఎటు పోతాయో తెలుసు. అంతవరకే చూస్తాను."

"నీల్లుంటే కదా పోడానికి! ఈడు పోస్తే కదా!"

"పోసీసాను," అన్నాడు జాన్‌బాబు. "ముందు రోజు రాత్రి పోసీసాను. ఎన్నిసార్లు సెప్పాలి?"

"ఒరే, నాతో మాటాడకు. నా ఎదర నిలబడకు. నా పిల్ల మట్టిలో ఉంది, నువ్వు నా ఎదర నిలబడి మాటాడతన్నావ్."

జయమణి ముందుకు వచ్చింది. "ఆయన్నెందుకు మాటాడొద్దంటావు? పది రోజుల్నుంచి నువ్వొక్కడివే కదా మాటాడతన్నావు. మా గుమ్మం మీద రాళ్ళేసినప్పుడు ఊరుకున్నాం. మా పిల్లోడు బడికెల్తే 'సంపీసినోడి కొడుకు' అన్నారు, ఊరుకున్నాం. ఇంక ఊరుకోను."

"ఒలే జయమణీ," అన్నాడు మోహనకృష్ణ. "ఆడోలు ఎనక్కి ఉండండి. ఇది ఇంజిన్ పని."

"ఇంజిన్ ఆగిపోతే సచ్చిపోయింది ఆడపిల్లే కదా పెసిడెంటు గారూ. నాను ముందే ఉంటాను."

మోహనకృష్ణ మంకీ క్యాప్ సరిచేసుకున్నాడు.

గవర్రాజు రేడియేటర్ మూత తిప్పి తీశాడు. నీళ్ళు మూతి దాకా ఉన్నాయి. నలుగురిని పిలిచి చూపించాడు. తాతబాబును కూడా పిలిచాడు.

"ఇప్పుడు నిండుగా ఉంటే ఈడు మంచోడైపోతాడా?" అన్నాడు తాతబాబు. "ఆ రోజు కొండ మీద ఆటో వొచ్చేలోపు నానే పోసినాను. రెండు బక్కెట్లు పట్టింది. ఖాళీగా ఉంటేనే కదా రెండు బక్కెట్లు పట్టింది?"

"కరెక్టేనండి. ఇప్పుడు నిండుగా ఉందని అతను మంచోడైపోడు," అన్నాడు గవర్రాజు. "నిండుగా ఉందని మాత్రం అందరూ చూడండి. ఇందాక లేవు, ఇప్పుడు పోశారు అని తర్వాత గొడవ రాకూడదు. ఆయ్, మీరు కూడా చూశారు కదా?"

"సూసినాను."

గవర్రాజు ఫ్యాన్ బెల్టు నొక్కాడు. బిగువుగానే ఉంది. రేడియేటర్ ముందు జాలీలో వేళ్ళు పెట్టి చూశాడు. గోనె, అట్ట లాంటివి ఏవీ అడ్డం లేవు. జేబులోంచి చిన్న డైరీ, పెన్సిల్ తీశాడు. జాన్‌బాబును సీట్లో కూర్చోమన్నాడు. ఇంజిన్ ఆరూ రెండుకు స్టార్టయింది. తెల్ల పొగ వచ్చి కాసేపటికి తగ్గింది.

"యాక్సిలరేటర్ సగం తొక్కి పట్టుకో. కొండ ఎక్కుతున్నట్టు."

ఆరూ తొమ్మిదికి ముల్లు సగానికి వచ్చింది. ఆరూ పదమూడుకు ముప్పావుకు వచ్చింది. జాన్‌బాబు ప్రతిసారీ గట్టిగా చెప్పాడు, గవర్రాజు టైము రాసుకున్నాడు. జనం దగ్గరకు జరిగారు. ఆరూ పదిహేడుకు జాన్‌బాబు గొంతు మారింది.

"ఎర్రగీత బాబూ! ఎర్రగీత మీదుంది!"

"ఆపకు. ఒక్క నిమిషం." గవర్రాజు తాతబాబు వైపు తిరిగాడు. "రండి. రేడియేటర్ మీద చెయ్యి పెట్టండి."

"నానెందుకు?"

"ఫిర్యాదు మీది. నా చెయ్యి పెడితే మీరు నమ్మరు."

తాతబాబు వచ్చాడు. బోటు ఇంజిన్ల దగ్గర ఇరవై ఏళ్ళు పని చేసిన మనిషి కాబట్టి ముందు చేతి వెనకవైపుతో చూశాడు. తర్వాత అరచెయ్యి ఆనించాడు. తీశాడు. రెండో చెయ్యి పెట్టాడు.

"ఎలా ఉందండి?"

తాతబాబు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"అందరికీ చెప్పండి. ఎలా ఉంది?"

"సల్లగుంది."

గవర్రాజు ఇంజిన్ ఆపించాడు. మూత వైపు ఎవరూ వెళ్ళకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంజిన్ మరుగుతోంది. రేడియేటర్ చల్లగా ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నాయని మీరే చూశారు. అంటే ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్ళు రేడియేటర్ దాకా రావట్లేదు. పదిహేను నిమిషాలు షెడ్డు ముందు నిలబెడితేనే ఇలా అయింది. ఆ రోజు కొండెక్కుతోంది, లోపల ముగ్గురున్నారు. నీళ్ళు లేక ఇంజిన్ మరగలేదండి. ఇంజిన్ మరిగి నీళ్ళు పోయాయి. మీరు పోసిన రెండు బక్కెట్లు అవి."

తర్వాత వెనక నుంచి ఒకడు, "మరి అలాగైతే పంపు పోయుంటాది," అన్నాడు.

"పంపు పోతే జాన్‌బాబు తప్పు కాదా?" అన్నాడు మోహనకృష్ణ వెంటనే. "బండి సూసుకోడం ఎవులి పని?"

"పంపు పోలేదు." గవర్రాజు ఇంజిన్ ముందు భాగంలో ఒక ఇనప వంపు గొట్టం, ఎల్బో, చూపించాడు. ఇంజిన్ లోంచి వచ్చిన నీళ్ళు అందులోంచే పై గొట్టంలోకి వెళ్తాయి. "ఈ ఎల్బో కింద చెయ్యి పెట్టలేం, కాలిపోతుంది. పైన గొట్టం చల్లగా ఉంది. రెంటికీ మధ్య రెండంగుళాలు లేదు. దారి మూసుకుంది ఇక్కడే. ఇక్కడ నీళ్ళను ఆపి వదిలే థర్మోస్టాట్ ఉంటుంది."

"ఉండదు బాబూ," అన్నాడు జాన్‌బాబు సీట్లోంచి దిగుతూ. "ఏడేల్ల కిందట తీసీసాం. ఆ దారి ఖాళీ."

"తీసేశారా?"

"ఇక్కడ ఏ బండికీ ఉంచరు బాబూ. బోటింజిన్లకైతే కొత్తగా రాగానే తీసీస్తారు, ఉప్పు పట్టి బిగుసుకుపోద్దని. బండ్లకీ అదే అలవాటు. ఈ బండికి తీసింది తాతబాబే. అడగండి."

అందరూ తాతబాబు వైపు చూశారు. అతను ఆ ఉదయం అప్పటివరకు ప్రతి మాటకూ ఎదురు మాట అన్నాడు. దీనికి అనలేదు.

ఇంజిన్ చల్లారడానికి నలభై నిమిషాలు పట్టింది. గవర్రాజు టీ తాగాడు. జాన్‌బాబుకు గ్లాసు ఎవరూ ఇవ్వలేదు. జయమణి వెళ్ళి తెచ్చింది. షెడ్డు పక్క టీ కొట్టువాడికి వినపడేట్టు, "ఇంకా సంపీసినోడేనా మీకు?" అంది.

ఏడు గంటలకు గవర్రాజు ఎల్బో బోల్టులకు స్పానర్ పట్టించి, వెంటనే తీసేశాడు. జాన్‌బాబును దగ్గరకు పిలిచాడు.

"ఈ బోల్టులు చూడు. ఇంజిన్ మీద మిగతావన్నీ తుప్పు. ఈ రెండింటి తలలు మెరుస్తున్నాయి. ఈమధ్య ఎవరో విప్పారు."

"నాను విప్పలేదు."

"విప్పావని అనలేదు. చూడమన్నాను."

బోల్టులు ఊడాయి. ఎల్బో లేచింది. లోపల ఇత్తడి రంగులో ఒక బిళ్ళ ఉంది. కొత్తది. దాని మీద చిన్న స్ప్రింగు, స్ప్రింగు మధ్యలో ఒక బుడ్డి పైకి నిలబడి ఉన్నాయి.

"ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు గవర్రాజు. అతని గొంతు మొదటిసారి లేచింది. "ముందు అందరూ చూడండి. స్ప్రింగు ఎటు ఉంది? పైకా, కిందికా?"

"పైకి," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"గుర్తుపెట్టుకోండి."

అతను దాన్ని బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఐదు రూపాయల బిళ్ళకు రెండింతలుంది.

"ఇది తలుపు లాంటిది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది, ఇంజిన్ తొందరగా వేడెక్కడానికి. వేడెక్కాక తెరుచుకుంటుంది, నీళ్ళు రేడియేటర్‌కు పోతాయి. దీనికి వేడి ఎక్కిందని ఎలా తెలుస్తుంది? ఈ బుడ్డిలో మైనం ఉంది. అది కరిగి ఉబ్బితే తలుపు తెరుచుకుంటుంది. అందుకని ఈ బుడ్డి కిందికి, ఇంజిన్ నీళ్ళలోకి ఉండాలి. ఇక్కడ పైకి పెట్టారు. రేడియేటర్ వైపుకి. అటు చల్లటి నీళ్ళు. దీనికి వేడి తగిలేసరికి ఇంజిన్ ఉడికిపోతుంది."

"వస్తువే పాడైపోయుండొచ్చు కదా?" అన్నాడు మోహనకృష్ణ.

గవర్రాజు దాన్ని పట్టుకుని టీ కొట్టు దగ్గరకు నడిచాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. థర్మోస్టాట్‌కు తీగ కట్టి అందులోకి దించాడు. జనం పొయ్యి చుట్టూ మూగారు. నిమిషంలో బిళ్ళ మధ్య సందు కనపడింది. వేలు పట్టేంత తెరుచుకుంది. పైకి తీసి పట్టుకుంటే మూసుకుంది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ తెరుచుకుంది.

"వస్తువు బాగానే ఉంది. పెట్టినవాడికి పెట్టడం రాదు. తెలీకపోతే అడగాలి. అడగడానికి నామోషీ అయితే ఆ పని ముట్టుకోకూడదు. ప్లాంటులో ఇలాంటి పని చేసినవాడిని నేను రెండో రోజు షెడ్డులోకి రానివ్వలేదు." గవర్రాజు తీగ విప్పి నేల మీదకు విసిరాడు. "తలకిందులుగా ఎట్టాడండి, తలకిందులుగా! మనుషులెక్కే బండికి!"

జాన్‌బాబు ఇదంతా విన్నాడు. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. తర్వాత మోహనకృష్ణ కుర్చీ ముందుకు వెళ్ళాడు.

"రెండో తారీకున మీకు సెప్పినాను."

"ఏటి సెప్పినావు?"

"మధ్యాన్నం బండి తీస్తే ముల్లు పైకెల్లి కిందికొస్తంది, ఒకసారి షెడ్డుకి అట్టుకెల్తానని సెప్పినాను. ఈ కుర్చీలోనే కూకున్నారు మీరు. ఏటన్నారు?"

మోహనకృష్ణ మంకీ క్యాప్ కిందికి లాక్కున్నాడు.

"'సలికాలంలో ఇంజినేటి కాగుద్దిరా' అన్నారు. నవ్వినారు. 'ఎండాకాలం వొచ్చాక సూద్దాం' అన్నారు."

"మధ్యాహ్నం అలాగే ఉంటుంది," అన్నాడు గవర్రాజు. "ఎండలో రేడియేటర్ నీళ్ళు కొంత వెచ్చగా ఉంటాయి. బుడ్డికి కొంచెం తొందరగా వేడి తగులుతుంది. ఆలస్యంగానైనా తెరుచుకుంటుంది. తెల్లవారుజామున, ఈ గాలికి, అదీ ఉండదు. చలికాలం కాబట్టే మరిగిందండి. మీరనుకున్నదానికి ఎదురు."

"విన్నారా?" జాన్‌బాబు జనం వైపు తిరిగాడు. పది రోజుల్లో అతను ఊరితో ఇంత మాట్లాడింది లేదు. "సలికాలం కదా, నీల్లుంటే ఎందుకు కాగుద్ది అని అడిగినారు. ఇదిగో. ఇందుకు. నా పిల్లోడి మొహం మీద ఉమ్మినోలు ఎవులో నాకు తెల్సు. ఇక్కడే ఉన్నారు. నా మొహం సూడండి ఇప్పుడు."

ఎవరూ చూడలేదు.

"నాను కడుపుతో ఉన్న మనిషిని ఎత్తుకుని, ఆటో దొరికేదాకా రెండు మలుపులు నడిసినాను. నా సొక్కా అంతా ఆ తల్లి రగతం. ఆ సొక్కా ఉతకలేదు నాను. అదే సొక్కాతో వొచ్చి ఇంట్లో కూకుంటే, రాళ్ళేసినారు."

"అయిందేదో అయింది," అన్నాడు మోహనకృష్ణ. "అందరం కూకుని..."

"కూకోడం కాదు," అంది జయమణి. "ఎవులు విప్పినారో సెప్పండి. ఈయన విప్పలేదు. తాళం ఈయన దగ్గర ఉంటాది. కిస్మస్ ముందు మూడ్రోజులు సెలవెడితే తాళం మీకిచ్చినాడు. పండగ తర్వాత మళ్ళీ రెండ్రోజులు అడిగి అట్టుకెల్లినారు. 'సంఘం పని' అన్నారు. ఏటా పని?"

"సంఘం పనే."

"ఏ ఊర్లో?"

మోహనకృష్ణ చుట్టూ చూశాడు. అతనికి సాయం రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కుర్చీలోంచి లేచాడు.

"లంబసింగి," అన్నాడు.

"మంచు సూడ్డానికా?"

"మా సడ్డకుడోలు వొచ్చినారు హైదరాబాద్ నుంచి. పిల్లలు అడిగినారు. డీజిల్ నానే కొట్టించినాను."

"ఊరికి ఆపదొస్తే ఎల్లే బండి!" జయమణి అరిచింది. "ఆ మూడ్రోజుల్లో ఎవులికైనా గుండె నొప్పొస్తే ఏటి సేసేవోలు? పెసిడెంటు గారు మంచు సూస్తన్నారు, ఆగండి అని సెప్పేవోలా?"

ఈసారి జనంలోంచి కూడా అరుపులు లేచాయి. ఒకతను కుర్చీని కాలితో తన్నాడు. గవర్రాజు చెయ్యి ఎత్తాడు.

"ఆగండి. అక్కడ ఏమైందో చెప్పనివ్వండి. కొండ మీద ఇంజిన్ వేడెక్కలేదు. అవునా?"

"ఎక్కలేదు," అన్నాడు మోహనకృష్ణ. "తెల్ల పొగ. పికప్పు లేదు. చింతపల్లిలో ఒక మెకానిక్ సూసి, థర్మోస్టాట్ లేదు, ఏయించుకోండి, ఈ సలికి అది లేకపోతే ఇంజిన్ సల్లగానే ఉండిపోద్ది అన్నాడు. వాడి దగ్గర లేదు. ఇక్కడికొచ్చాక కొన్నాను. రెండోసారి ఎల్లేముందు ఏయించినాను. ఎల్లొచ్చాం, బాగానే ఉంది."

"బాగా ఉండదు. ఘాట్లో ఆగలేదా?"

"రెండుసార్లు ఆగినాం. నీల్లు పోసుకుని ఎల్లినాం." అతను గొంతు తగ్గించాడు. "పాత బండి కదా అనుకున్నాను."

"రెండుసార్లు ఆగిందని జాన్‌బాబుకి చెప్పారా?"

"లేదు."

"చెప్పకుండా తాళం ఇచ్చేశారు. ఫిర్యాదు కాగితం కూడా మీరే రాయించారు."

మోహనకృష్ణ కుర్చీని తన వైపుకు లాక్కున్నాడు.

"వేసింది ఎవరు?" అన్నాడు గవర్రాజు.

"మెకానిక్."

"ఏ మెకానిక్?"

మోహనకృష్ణ నోరు తెరిచాడు. అతని కళ్ళు ఒక్క క్షణం ఎటో వెళ్ళి తిరిగి వచ్చాయి. జనం కుర్చీ దగ్గర, అతని చుట్టూ అరుస్తున్నారు, వాళ్ళు గమనించలేదు. పక్కనే ఉన్న జాన్‌బాబు, జయమణి గమనించారు. ఆ చూపు వెళ్ళిన చోట తాతబాబు ఉన్నాడు.

తాతబాబు ఇంజిన్ దగ్గర ఒక్కడే ఉన్నాడు. గవర్రాజు బానెట్ అంచున పెట్టిన థర్మోస్టాట్‌ను తీసుకుని వేళ్ళతో తిప్పుతున్నాడు. స్ప్రింగు పైకి పెట్టి చూశాడు. కిందికి పెట్టి చూశాడు. గవర్రాజును ఇంజిన్ దగ్గరకు పిలిచాడు.

"స్ప్రింగు పైకి ఉండకూడదా?" అన్నాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఉండకూడదండి."

"పైకి పెడితేనే కదా సరిగ్గా కూకుంటాది?"

"రెండు వైపులా కూర్చుంటుంది. అదే దీంతో చిక్కు."

"బోటింజిన్ల లోంచి నాను తీసినప్పుడు..." తాతబాబు ఆగాడు. "కటింగ్ ప్లేయరెట్టి లాగీసి డబ్బాలో పడీసీవోడిని. ఎటుందో ఎప్పుడూ సూడలేదు."

"ఎన్ని తీసుంటారు?"

"నూట యాభై. ఇంకా ఎక్కువే."

"ఎన్ని పెట్టారు?"

తాతబాబు చేతిలో ఉన్నదాన్ని చూశాడు. "ఇదొక్కటే," అన్నాడు.

గవర్రాజు డైరీ మూశాడు. ఇంతసేపూ అతను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉంది. ఇప్పుడు లేదు. కాసేపటి కిందట తను అన్న మాటలు అతనికి గుర్తొచ్చాయి. ఇలా పెట్టినవాడిని రెండో రోజు షెడ్డులోకి రానివ్వలేదని అన్నాడు.

జాన్‌బాబు జయమణితో వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ప్రతి మాటా విన్నాడు. ఈ మనిషే పది రోజులు ఊరంతా తిరిగి తన పేరు చెప్పాడు. ఈ మనిషే రాయి వేసినవాళ్ళను ఆపలేదు. ఎనిమిది కావడానికి పావుగంట ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఒక్క పేరు గట్టిగా చెబితే చాలు, ముప్పై మంది అటు తిరుగుతారు.

"సెప్పండి," అంది జయమణి అతని చెవిలో. "మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

అప్పుడే జనం పక్కలకు జరిగారు.

కుసుమకుమారి వచ్చింది. పది రోజుల బాలింత. తలకు చీర చెంగు బిగించి కట్టింది, చెవుల్లో దూది ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక గుమ్మం దాటడం ఇదే మొదలు. గోడ పట్టుకుని, తర్వాత పడవ అంచు పట్టుకుని, తర్వాత ఏదీ పట్టుకోకుండా నడిచింది. ఎవరో వెళ్ళి ఆమెకు సంగతి చెప్పారు.

"ఎందుకొచ్చినావు?" అన్నాడు తాతబాబు. "సలి. లోపలికెల్లు."

ఆమె వినలేదు. జాన్‌బాబు దగ్గరకు వచ్చింది.

"అన్నా, నీ తప్పు కాదంట కదా."

జాన్‌బాబు తల ఊపాడు.

"పది రోజులు నిన్ను తిట్టుకున్నాను. పాలొచ్చి రొమ్ములు సలిపిన ప్రతిసారీ నిన్నే తిట్టుకున్నాను." ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఎవులో తలకిందులుగా పెట్టీసినారంట. ఎవులది?"

మోహనకృష్ణ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. "అలా నిలబడిపోయావేటి? నువ్వు ఇంజిన్లు సూసీ మనిషివే కదా. హార్బర్లో ఎవులి పని ఎలాగుంటాదో సూసీ సెప్పీస్తావు కదా. సూడు. ఏ ఎదవ సెయ్యి ఇది?"

తాతబాబు చెయ్యి మూసుకుంది. లోపల ఆ ఇత్తడి బిళ్ళ ఉంది.

"సూడమంటన్నాను!"

అతను చూడలేదు.

జయమణి ఒక అడుగు ముందుకు వేసింది. జాన్‌బాబు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోబోయింది. అతను వదలలేదు.

కుసుమకుమారి అది చూసింది. ముందు జయమణి ముఖం, తర్వాత జాన్‌బాబు చెయ్యి చూసింది.

"నీకు తెల్సు," అంది. "అన్నా, నీకు తెల్సు. సెప్పు. ఆడెవుడైనా సరే, ఆడి మీద నానే సంతకం పెడతాను. నాకు సంతకం రాదు, ఏలిముద్ర ఏస్తాను. ఎనిమిదింటికి నానే స్టేషన్‌కి నడిసెల్తాను."

"సెప్తాను సెల్లీ," అన్నాడు జాన్‌బాబు. "ముందు ఇంటికి పద. అక్కడ సెప్తాను."

ఆమె కదలలేదు.

"ఇక్కడే సెప్పు," అంది. "పేరెట్టి సెప్పు."